చూడి కట్టిందని తేలాక చూడవలసింది

 

పశువైద్యులు, శరీరధర్మ శాస్త్రజ్ఞులు, విద్యార్థులు ఒకచోట కూర్చున్న ఈ గుంటూరు సదస్సులో పశువుల గురించి మాట్లాడుతూ లాం పేరెత్తకుండా ఉండలేం. అమరావతి దారిలో ఉన్న ఆ పశు పరిశోధన కేంద్రం దశాబ్దాలుగా ఒంగోలు జాతి మీద పనిచేస్తోంది, పిండమార్పిడితో దూడల్ని పుట్టించింది. అటు ఒంగోలు పక్కన చదలవాడ పశు క్షేత్రం ఉంది. చూడి పరీక్షకు స్కానర్ వాడటం మనకిప్పుడు కొత్త కాదు. నా బాధల్లా ఒక్కటే. చూడి కట్టిందని తేలగానే స్కానర్ ప్రోబును పేగులోంచి బయటికి తీసేస్తున్నాం. తెర మీద దూడ కదులుతూనే ఉంటుంది, మనం రిజిస్టరులో 'చూడి' అని రాసి తర్వాతి ఆవు దగ్గరికి వెళ్లిపోతాం. ఆ కదలిక గురించే ఇవాళ నాలుగు మాటలు చెబుతాను.

పిండం కదలికను ఒక శాస్త్ర విషయంగా చూసినవాళ్లలో జర్మనీకి చెందిన విల్హెల్మ్ ప్రేయర్ ముందువాడు. 1885లో దీనిపై ఆయన పుస్తకం వచ్చింది. పొదిగిన కోడిగుడ్డులో నాలుగో రోజుకే కదలిక మొదలవుతుంది. బయటి స్పర్శకు స్పందించే నరాల దారి ఇంకా ఏర్పడకముందే పిల్ల తనంతట తాను కదులుతుందని 1960ల్లో విక్టర్ హాంబర్గర్ బృందం చూపించింది. ఎవరూ తాకకుండానే, దేనికీ జవాబుగా కాకుండానే, వెన్నుపాము లోంచే ఆ కదలిక పుడుతుందన్నమాట. 1962లో డ్రాక్‌మన్, కూలాంబర్ మరో అడుగు వేశారు. గుడ్డులోని పిల్లకు కండరాలు పనిచేయనివ్వని మందు ఎక్కించి ఒకటి రెండు రోజులు కదలకుండా చేస్తే, కీళ్లు బిగుసుకుపోయి పాదాలు వంకర తిరిగాయి. ఈ ప్రయోగం నాకు చాలా ముఖ్యమైనది. పిండం బతికుందని చెప్పడంతోనే కదలిక పని తీరిపోదు, కీలును కీలుగా తయారుచేసేది కూడా అదే. కాళ్లు ముడుచుకుపోయి, ఎంత లాగినా చాపలేని దూడను తల్లి కడుపులోంచి తీసిన అనుభవం ఈ సభలో చాలామందికి ఉండే ఉంటుంది. ఆ దూడ కదలికలు ఏ నెలలో ఆగిపోయాయో మనలో ఎవరం చూశాం?

1930ల్లో కేంబ్రిడ్జిలో జోసెఫ్ బార్‌క్రాఫ్ట్, డొనాల్డ్ బారన్ గొర్రె పిండాల కదలికను పరిశీలించాలంటే తల్లి కడుపు తెరవక తప్పలేదు. స్కానర్ వచ్చాక ఆ అవసరం పోయింది. 1986లో విస్కాన్సిన్‌లో కరన్, పియర్సన్, గింథర్ ఇరవయ్యో రోజు నుంచి అరవయ్యో రోజు దాకా ఆవుల్ని వరసగా స్కాన్ చేశారు. సగటున 21వ రోజుకు గుండె కొట్టుకోవడం, 29వ రోజుకు ముందుకాళ్ల మొగ్గలు, 31కి వెనకకాళ్ల మొగ్గలు కనిపించాయి. 45వ రోజు వచ్చేసరికి రెండుగా చీలిన గిట్టలు, దాదాపు అదే రోజున దూడ కదలిక కనిపించాయి. పక్కటెముకలు ఇంకో వారానికి గానీ కనబడలేదు. నలభై ఐదు రోజులంటే మన రైతు ఇంకా 'మళ్లీ ఎదకొస్తుందేమో' అని ఎదురుచూస్తుంటాడు.

ఆ వయసు పిండాన్ని మీరు తెర మీద చూసే ఉంటారు. ఉమ్మనీరు నల్లగా, దాని మధ్యలో బూడిదరంగులో దూడ. గుండె దగ్గర ఒక చిన్న మిణుకు ఆగకుండా కొట్టుకుంటుంది. కొంతసేపు మరేమీ ఉండదు. ఇక చెయ్యి తీద్దామనుకునేలోపు ఒళ్లంతా ఒక్కసారి ఉలిక్కిపడినట్టు కదిలి, మళ్లీ నిమ్మళిస్తుంది. ఆవు పేగు బిగించినప్పుడు కూడా బొమ్మ మొత్తం ఊగుతుంది. గర్భసంచి ఊగుతోందా, దూడ కదులుతోందా అన్నది విడదీసి చూడటానికి కన్ను అలవాటుపడాలి. అందుకే అరనిమిషం చాలదు.

నెలలు పెరిగేకొద్దీ గర్భసంచి పొట్టలోకి దిగిపోతుంది, దూడ మొత్తం ప్రోబుకు అందదు. ఒక కాలో తలో దొరికితే అదృష్టం. ఏడో నెల దాటాక పరిశీలన రైతు చేతికి వస్తుంది. ఎడమవైపు పెద్దపొట్ట ఉంటుంది గనుక కుడి డొక్కలో పిడికిలి ఆనించి లోపలికి నొక్కి పట్టుకుంటారు. దూడ తగిలి వెనక్కి తడుతుంది. "తంతా ఉంది బాబూ" అని గేదెను సాకే పెద్దమ్మ చెప్పే మాట పరీక్షా ఫలితమే. "నిన్నటిదాకా తన్నింది, పొద్దుట్నుంచి తన్నట్లేదు" అన్నప్పుడు ఆ మాటను కేసు షీటులో ఎక్కించండి. ముర్రా గేదెల్లో గర్భసంచి మెలిపడే కేసులు ఎన్ని చూస్తున్నామో మీకు తెలుసు. అలా మెలిపడటానికి దూడ విసురు కదలిక ఒక కారణం కావచ్చునని పుస్తకాలు చెబుతూనే ఉన్నాయి.

ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన ప్రశ్నలు రెండున్నాయి. మొదటిది ఎండ. రెంటచింతల ఎండలు మీకు వేరే చెప్పనక్కరలేదు. తల్లి వేడికి తాళలేనప్పుడు గర్భానికి వెళ్లే రక్తం తగ్గుతుందని గొర్రెల్లో తేలింది. ఆక్సిజన్ తగ్గితే గొర్రె పిండం కాళ్లు కదపడం, ఊపిరి తీస్తున్నట్టు ఛాతీ ఆడించడం తగ్గించేస్తుందని ఆక్స్‌ఫర్డ్‌లో జెఫ్రీ డాస్ వంటివారి పనివల్ల తెలిసింది. అంటే మే నెల మధ్యాహ్నం, తెల్లవారుజామున తీసిన రెండు స్కాన్లు పక్కపక్కన పెట్టి చూడటం అర్థమున్న పని.

రెండోది పురుగుమందు. పత్తికి, మిరపకు ఏళ్ల తరబడి కొట్టిన ఆర్గానోఫాస్ఫేట్లు అసిటైల్‌కోలిన్‌ను విడగొట్టే ఎంజైమును పట్టేస్తాయి. నరం కండరానికి ఆజ్ఞ పంపేది ఆ అసిటైల్‌కోలిన్‌తోనే. కోడిగుడ్ల మీద చేసిన ప్రయోగాల్లో ఈ జాతి మందులకు మెడ, కాళ్లు వంకరపోయాయి. మన పశువుల్లోనూ అదే జరుగుతోందని నేను అనడం లేదు. మందు కొట్టిన చేను గట్టున గడ్డి కోసి చూడి పశువుకు వేసే చోట ఆ ప్రశ్న అడగకుండా ఉండటం మాత్రం మన వృత్తికి తగదు.

మొదలు గొర్రెతో పెట్టమంటాను. పత్తి తీతలు అయ్యాక మోళ్లలో మేసే నెల్లూరు గొర్రెల మందలు ఏ ఊళ్లోనైనా కనిపిస్తాయి. చూడి కాలం అయిదు నెలలే. బొచ్చు లేని గజ్జల్లో జెల్ రాసి పైనుంచే ప్రోబు పెట్టొచ్చు, చిన్న వయసులో పిల్ల మొత్తం ఒకే తెరలో పడుతుంది. ఒంగోలు ఆవుల్లో పోలిక కావాలంటే బ్రెజిల్ ఉంది. 1960ల మొదట్లో కరవది ఊరి పేరుతో ఇక్కడి కోడె అక్కడికి వెళ్లింది. నెలోర్ పేరుతో అక్కడ పెరిగిన ఒంగోలు సంతతి మీద అక్కడివాళ్లు స్కానర్‌తో విస్తారంగా పనిచేస్తున్నారు.

విద్యార్థులకు నా విన్నపం. చూడి అని తేలాక ప్రోబును ఇంకో పది నిమిషాలు ఉంచండి. వీడియో దాచండి. దాటిన తేదీ, స్కాన్ చేసిన వేళ, ఆ పూట ఎండ, మేసిన మేత రాయండి. ఏ భాగం కదిలిందో, ఎన్నిసార్లు కదిలిందో పక్కన రాయండి. కదలకపోతే అదీ రాయండి. వచ్చే సదస్సుకు ఆ వీడియోలు తెండి, కలిసి చూద్దాం.