కాళ్లూ చేతులూ ఆడని నాటికి ముందుచూపు



ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని సామెత. సంసారికి ఆ రెండింటిని మించిన ఖర్చు లేదని పూర్వుల అనుభవం. నేటి కుటుంబాలకు మూడవది వచ్చి చేరింది. అది వృద్ధాప్యంలో ఏళ్ల తరబడి సాగే సంరక్షణ. ఇంటికీ పెళ్లికీ చీటీలు కట్టి సొమ్ము కూడబెట్టేవారు సైతం దీనికోసం వేరుగా ఏమీ దాచకపోవడం సర్వసాధారణం.

సోలాపూర్ తెలుగువారికి ఈ విషయం మరింత ముఖ్యం. తెలంగాణ పల్లెల నుండి నేతపనిని నమ్ముకొని వచ్చినవారి సంతతి ఇక్కడ తరతరాలుగా స్థిరపడింది. మరమగ్గాలపై చద్దర్లు, తువాళ్లు నేసినవారిలోను, బీడీలు చుట్టిన స్త్రీలలోను చాలామందికి చెప్పుకోదగిన పింఛను లేదు. భవిష్యనిధి పింఛను ఉన్నవారికి సైతం 2014లో నిర్ణయించిన కనీస మొత్తం నెలకు 1,000 రూపాయలు. పిల్లలు పుణెకో, ముంబైకో, హైదరాబాదుకో తరలిపోగా పెద్దలు పాత ఇంటిలో మిగిలిపోతున్నారు.

మొదట గ్రహించవలసింది ఒకటే: చికిత్స వేరు, సంరక్షణ వేరు. పక్షవాతం వచ్చిన మనిషికి ఆసుపత్రిలో పదిరోజులు జరిగేది చికిత్స. ఆ తరువాత ఇంటిలో లేపి కూర్చోబెట్టడం, స్నానం చేయించడం, అన్నం తినిపించడం, రాత్రివేళ పక్కకు తిప్పి పడుకోబెట్టడం సంరక్షణ. 70 ఏళ్లు నిండినవారికి, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు చికిత్స కల్పించే ఏర్పాటు 2024 అక్టోబరులో మొదలైంది. ఆ కార్డును ఆధార్‌తో తప్పక తీసుకోవాలి. అయితే అది ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చుకే. సాధారణ ఆరోగ్య బీమా కూడా ప్రధానంగా అందుకే. ఏళ్ల తరబడి ఇంటికి వచ్చే ఆయా జీతాన్ని ఈ రెండూ భరించవు.

ఒక లెక్క చూడవచ్చు. ఆయాకు నెలకు 15,000 రూపాయలు, మందులకు, డైపర్లకు 4,000 రూపాయలు అనుకుంటే, మూడేళ్లకు అయ్యేది 6,84,000 రూపాయలు. ఆయాను పెట్టకుండా కోడలో, కూతురో పని మానుకొని ఇంట ఉంటే ఖర్చు తప్పిందని కుటుంబం భావిస్తుంది. ఖర్చు తప్పలేదు, ఆమె కోల్పోయిన కూలి రూపంలో, ఆమె నడుమునొప్పి రూపంలో ఒక్కరి మీదనే పడింది. ఆ కూలిని కూడా లెక్కలో రాయడం న్యాయం. మిగిలిన తోబుట్టువుల వాటా ఎంతో అప్పుడే తేలుతుంది.

సొమ్ము దాచే మార్గాలలో 60 ఏళ్లు నిండినవారికి పోస్టాఫీసులో, బ్యాంకులలో ఉన్న వృద్ధుల పొదుపు పథకం ఒకటి. గడువు ఐదేళ్లు, 2023 నుండి గరిష్ఠ పరిమితి 30 లక్షలు. 2024-25లో ఇచ్చిన 8.2 శాతం వడ్డీ ప్రకారం లక్ష రూపాయలకు మూడు నెలలకొకసారి 2,050 రూపాయలు వస్తాయి. ఆయా జీతానికి ఇది చాలదు. అందుకే చేతిలో సంపాదన ఉన్న యాభైవ ఏటనే కూడబెట్టడం మొదలు కావాలి. మతి తప్పిన తరువాత బ్యాంకులో సంతకం చెల్లుబాటు కాదు కనుక, నమ్మకమైన ఒకరిని ముందుగానే ఖాతాలో జంటగా చేర్చుకోవడం మేలు.

ఇల్లు పెద్దల చివరి బలం. ప్రేమకొద్దీ దానిని పిల్లల పేర రాసి, పిదప పరాయివారైనవారు ఉన్నారు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. పోషిస్తామన్న షరతుపై ఆస్తిని పొందినవారు ఆ మాట తప్పితే, 23వ సెక్షను కింద ఆ బదిలీని రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. కనుక దానపత్రం రాయక తప్పనప్పుడు, పోషణ షరతును అందులో స్పష్టంగా రాయించాలి. ఇదే చట్టం కింద పోషణ భారం కొడుకులదే కాదు, కూతుళ్లది కూడా. సంతానం లేనివారు తమ ఆస్తికి వారసులు కాగల బంధువులను అడగవచ్చు.

ఆస్తి, ఆదరణ రెండూ లేనివారికి మహారాష్ట్రలో శ్రావణబాళ పింఛను ఉంది. 65 ఏళ్లు నిండిన నిరుపేదలు తహసీలు కార్యాలయంలో దరఖాస్తు చేసుకోవాలి. వృద్ధుల ఇబ్బందులకు సలహా, సాయం కోసం దేశమంతటా 14567 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు.

శ్రావణ పూర్ణిమనాడు మార్కండేయ రథోత్సవానికి దూరాన ఉన్న పిల్లలు సోలాపూర్ చేరుకుంటారు. ఆ రోజు భోజనాలయ్యాక ఒక గంట కేటాయించి, ఎవరు చూసుకుంటారు, ఎవరు ఎంత ఇస్తారు, ఇల్లు ఏమవుతుంది అనే మూడు ప్రశ్నలకు సమాధానాలు కాగితంపై రాసుకోవాలి. ఆ మాటలు పెద్దల చాటున గాక, వారి ఎదుటనే జరగాలి. ఎవరి చేత అన్నం తినాలని ఉందో ముందుగా అడగవలసింది వారినే.