రుణ పుస్తకంలో పేరు లేని రైతు

(రాయ్‌పూర్‌లో పరిశోధక విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఛత్తీస్‌గఢ్‌లో రైతు చేతిలో ఉండే భూమి పత్రాన్ని చాలాకాలం 'భూ అధికార్ ఏవం రుణ్ పుస్తికా' అన్నారు. తెలుగులో చెప్పాలంటే భూమి హక్కు, రుణ పుస్తకం. మన పట్టాదారు పాసుపుస్తకం లాంటిదే. ఇప్పుడు దానికి 'కిసాన్ కితాబ్' అని పేరు మార్చారు. పాత పేరే నిజాయితీగా ఉందని నాకనిపిస్తుంది. భూమి మీద హక్కు ఉన్నవాడికే రుణం మీద హక్కు అని అది దాచకుండా చెప్పింది. ఆ పుస్తకంలో పేరు లేని రైతు గురించి ఈరోజు మాట్లాడతాను.

ఇంకో మాట కూడా గమనించండి. తెలుగులో భూస్వామి అంటే వందల ఎకరాల దొర గుర్తొస్తాడు. ఇక్కడి 1959 నాటి రెవెన్యూ కోడ్‌లో అరెకరం పట్టా ఉన్న మనిషి కూడా 'భూమిస్వామి'యే. ఆ అరెకరం పక్కనే మూడెకరాలు రేగహాకో అధియాకో తీసుకుని, అంటే కౌలుకో పాలుకో తీసుకుని, ఏళ్ల తరబడి దున్నుతున్న మనిషికి మాత్రం ఆ మూడెకరాల లెక్కలో చోటు లేదు.

చిన్న రైతుకు రుణం ఎందుకు అందదని అడిగితే మనకు అలవాటైన జవాబు ఒకటుంది: కమతం చిన్నది, తాకట్టుకు సరిపోదు, బ్యాంకుకు గిట్టుబాటు కాదు. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1918లోనే ఈ వాదాన్ని తిరగేశారు. భారతదేశంలోని చిన్న కమతాల మీద రాసిన వ్యాసంలో ఆయన చెప్పింది ఇది: కమతం లాభసాటిదా కాదా అన్నది విస్తీర్ణం ఒక్కటే తేల్చదు, ఆ భూమి మీద పెట్టడానికి పెట్టుబడి, పనిముట్లు, శ్రమ ఏ నిష్పత్తిలో ఉన్నాయన్నది తేలుస్తుంది. పెట్టుబడి లేకపోతే పదెకరాలైనా దండగే. అంటే కమతం చిన్నది కాబట్టి రుణం రాదు అనడం తలకిందుల మాట. రుణం రాదు కాబట్టే ఆ కమతం గిట్టుబాటు కావడం లేదు.

2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని కమతాల్లో 86 శాతం సన్న, చిన్నకారు రైతులవే. వాళ్ల చేతిలో ఉన్న విస్తీర్ణం 47 శాతం. సగటు కమతం 1.08 హెక్టార్లయితే షెడ్యూల్డ్ కులాల రైతుల సగటు 0.78 హెక్టార్లే. 'చిన్న రైతు' అనే మాట అందరినీ ఒకే గంపలో వేస్తుంది. కానీ ఆ గంప అడుగున ఎవరున్నారో ఈ అంకె చెబుతోంది. అసలు కమతమే లేక కౌలుకు దున్నే దళిత కుటుంబాలు చాలావరకు ఈ గణన కంటికి కూడా ఆనవు.

తెలుగు నేల మీద సమస్య రుణం లేకపోవడం కాదని కొందరంటారు. 2018-19 జాతీయ నమూనా సర్వేలో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ కుటుంబాల్లో 93 శాతం అప్పుల్లో ఉన్నట్టు తేలింది. కుటుంబానికి సగటు అప్పు దేశంలో 74,121 రూపాయలైతే ఆంధ్రప్రదేశ్‌లో 2,45,554 రూపాయలు. నిజమే, అప్పు దొరుకుతోంది. కానీ ఎవరి దగ్గర, ఏ వడ్డీకి?

నూటికి మూడు రూపాయల వడ్డీకి యాభై వేలు తెచ్చిన కౌలు రైతు, ఎనిమిది నెలల తర్వాత పంట అమ్మి తీరిస్తే వడ్డీ 12,000 రూపాయలు. అదే యాభై వేలు కిసాన్ క్రెడిట్ కార్డు మీద, గడువులోగా కట్టే రైతుకు వర్తించే 4 శాతానికి వస్తే వడ్డీ 1,333 రూపాయలు. ఇక్కడి సహకార సొసైటీలో పంట రుణానికైతే రైతు మీద వడ్డీయే లేదు. ఒకే పొలం, ఒకే పంట, ఒకే వాన. తేడా అంతా కాగితం మీద ఉన్న పేరులోనే. మనిషి ఎరువుల దుకాణంలో ఉద్దెర పెడితే లెక్క ఇంకా పెరుగుతుంది. ఉద్దెర ఇచ్చిన వ్యాపారికే, అతను చెప్పిన ధరకే పంట అమ్మాలి.

చట్టాలు రాలేదా? వచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో కౌలు రైతులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం చేసింది. దానికి యజమాని సంతకం తప్పనిసరి కాదు. 2019లో ఆంధ్రప్రదేశ్ దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చింది. పదకొండు నెలల ఒప్పందం, దాని మీద యజమాని సంతకం. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. అడిగితే వచ్చే ఏడాది కౌలు దక్కదేమోనని దున్నేవాడి భయం. ఊళ్లో ఈ రెండు భయాల బరువు ఒకటి కాదు. ఒకవేళ కార్డు దొరికినా, అదే సర్వే నంబరు మీద యజమాని అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటాడు. ఒకే భూమి మీద రెండు పంట రుణాలు ఇవ్వమని బ్యాంకు అంటుంది. పంట వేయని వాడికి పంట రుణం, పంట వేసినవాడికి ఖాళీ కార్డు.

తెలంగాణ ఇంకో అడుగు వేసింది. 2018 మేలో మొదలైన రైతుబంధు పట్టాదారుకే పెట్టుబడి సాయం ఇచ్చింది, కౌలు రైతుకు లేదంది. 2020లో వచ్చిన ధరణిలో సాగుదారు కాలమే తీసేశారు. పహాణీలో ఒక్క గడిగా మిగిలిన సాక్ష్యం కూడా అలా పోయింది.

ఛత్తీస్‌గఢ్‌కు వద్దాం. 2018 డిసెంబరులో భూపేశ్ బఘేల్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజే రుణమాఫీ ప్రకటించారు. సహకార బ్యాంకులు, గ్రామీణ బ్యాంకు ఇచ్చిన స్వల్పకాలిక రుణాలు, 16 లక్షలకు పైగా రైతులు, సుమారు 6,100 కోట్ల రూపాయలు. ఎంతోమందికి ఊపిరి పోసిన నిర్ణయమే, కాదనను. కానీ బ్యాంకులో అప్పు పుట్టినవాడికే బ్యాంకు అప్పు మాఫీ అవుతుంది. సాహుకారు చిట్టాను ఆ మాఫీ తాకలేదు. 2020 మేలో మొదలైన రాజీవ్ గాంధీ కిసాన్ న్యాయ్ యోజన భూమిస్వాములను, అటవీ హక్కు పట్టాలున్నవారిని అర్హులుగా తీసుకుని, పాలుకు, లీజుకు చేసేవారిని పక్కన పెట్టింది. తర్వాత భూమిలేని వ్యవసాయ కూలీలకు ఏడాదికి 6,000 రూపాయల పథకం వేరే వచ్చింది. అంటే దున్నే మనిషిని ప్రభుత్వం గుర్తించింది, అయితే రైతుగా కాదు, కూలీగా.

"బ్యాంకు కులం చూడదు, కాగితమే చూస్తుంది" అని అర్థశాస్త్ర విభాగాల్లో తరచూ వింటాం. ఆ కాగితం ఎక్కడి నుంచి వచ్చిందని మనం అడగాలి. 1900 నాటి పంజాబ్ భూ అన్యాక్రాంత చట్టం వ్యవసాయ తెగల జాబితా తయారుచేసింది. పొలాల్లో పనిచేసే దళిత కులాలు ఆ జాబితాలో లేవు. ఎవరు రైతు అన్నది నాగలి పట్టిన చేతిని చూసి కాదు, కులాన్ని చూసి తేల్చారు. మిగతా చోట్ల అంత బాహాటంగా రాయలేదు. జమీందారీ, మాల్గుజారీ, జాగీర్దారీ పోయినప్పుడు పట్టాలు ఎక్కువగా అప్పటికే భూమి పట్టు ఉన్న కులాల పేర్ల మీదికి చేరాయి. వెట్టి చేసినవాడికి రికార్డులో గడి లేదు. ఇవాళ బ్యాంకు కులం అడగనక్కర్లేదు, దాని తరఫున రికార్డు ఎప్పుడో అడిగేసింది.

కాగితం ఉన్న దళితుడి సంగతి కూడా చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో అసైన్డ్ భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. అదే చట్టం సహకార సంఘానికి, షెడ్యూల్డ్ బ్యాంకుకు తాకట్టు పెట్టడాన్ని అనుమతిస్తుంది. కౌంటర్ దగ్గర మాత్రం "అసైన్డ్ భూమికి రుణం లేదు" అనే మాట వినపడుతూనే ఉంటుంది. ఇక ప్రాధాన్య రంగ రుణాల్లో బలహీన వర్గాలకు 12 శాతం లక్ష్యం ఉంది. సన్న, చిన్నకారు రైతులు, చేతివృత్తులవారు, స్వయం సహాయక బృందాలు, షెడ్యూల్డ్ కులాలు, తెగలు అందరూ ఆ ఒక్క లక్ష్యంలోనే. ఒక్క దళిత రైతుకు ఇవ్వకుండానే ఒక శాఖ తన లక్ష్యం పూర్తిచేయగలదు.

మనం ఏం చేయగలం? రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్‌లో ఒక నిబంధన ఉంది. ఎస్సీ, ఎస్టీ దరఖాస్తులను శాఖ స్థాయిలో తిరస్కరించకూడదు, పై స్థాయి అధికారే తిరస్కరించాలి, కారణం స్పష్టంగా రాయాలి. ఈ నిబంధన నోటిమాటకు లొంగిపోతోంది. మేనేజర్ "తర్వాత రా" అంటాడు, దరఖాస్తే పుట్టదు, తిరస్కరణా పుట్టదు. కాబట్టి మొదటి పని దరఖాస్తు రాయించి రసీదు తీసుకోవడం. పట్టుమని పది ఊళ్లలో విద్యార్థులు ఈ పని చేస్తే, మన చేతిలో ఏ సర్వే ఇవ్వని సాక్ష్యం ఉంటుంది. రెండోది, పంట రుణాల లెక్కలు జిల్లాల వారీగా, కులం వారీగా, సాగుదారు వారీగా బయటపెట్టమని అడగడం. పెట్టుబడి సాయం, పంట రుణం రెండూ దున్నేవాడి పేరు మీదకు రావాలని, దానికి యజమాని సంతకం షరతు కాకూడదని అడగడం మూడోది.

ఇవన్నీ గెలిచినా సగమే గెలిచినట్టు. 1947లో అంబేడ్కర్ 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో వ్యవసాయాన్ని ప్రభుత్వ పరిశ్రమ చేయాలన్నారు. భూమిని కులభేదం లేకుండా గ్రామస్తులకు ఇవ్వాలి, సమష్టిగా సాగు చేయాలి, అప్పుడు భూస్వామీ ఉండడు, కౌలుదారూ ఉండడు, భూమిలేని కూలీ ఉండడు. నీరు, పశువులు, పనిముట్లు, ఎరువు, విత్తనాలు సమకూర్చే బాధ్యత ప్రభుత్వానిది. గమనించండి, ఆ పథకంలో రైతు ఎవరి ముందూ రుణం కోసం నిలబడడు. పెట్టుబడి దయ కాదు, రాజ్యం తీర్చాల్సిన బాకీ.

మనం ఇన్నాళ్లూ రైతు అప్పు గురించే మాట్లాడాం. దున్నేవాడికి ఈ రాజ్యం ఎంత బాకీ ఉందో లెక్క కట్టడం పరిశోధకులుగా మన పని.

జై భీమ్.