పాత టీవీ గేముకి కొత్త అడాప్టరు

ఈ వారం పాత టీవీ గేము గురించి మాట్లాడుకుందాం. ఆటల గురించి కాదండీ, మారియో సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. ఆ పెట్టె, దాని తీగలు, అడాప్టరు, తుపాకీ, వీటి గురించి.

1990లలో మన ఊళ్ళలో టీవీ గేము అంటే చాలావరకు నింటెండో వారి ఫామికామ్‌కి నకళ్ళే. సమురాయ్ అనే పేరుతో వచ్చింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. అసలు ఫామికామ్ జపానులో 1983 జులై 15న విడుదలైంది, 2003 దాకా తయారైంది. 2007లో కంపెనీ రిపేర్లు కూడా ఆపేసింది. కాబట్టి ఇప్పుడు పాడైతే మన తంటాలు మనం పడాల్సిందే.

నేను పనిచేసేది రాఫెల్స్ ప్లేస్‌లో. అక్కడే పక్క ఆఫీసులో ఒక గుంటూరు తమ్ముడు ఉన్నాడు. సెలవులకి ఇంటికెళ్ళి అటక మీది ఫామికామ్ దింపి తెచ్చుకున్నాడు. నకలు కాదు, అసలుదే. ఓడలో పనిచేసిన మేనమామ జపానులో కొన్నాడట. ఆ మేనమామ ఇప్పుడు లేరు. మధ్యాహ్నం భోజనాల దగ్గర అడిగాడు: "అన్నా, అమెరికా బావ తన నింటెండో అడాప్టరు ఇచ్చాడు, ట్రాన్స్‌ఫార్మరు కూడా ఉంది. పిన్ను సరిగ్గా పట్టింది, స్విచ్చి వేసెయ్యనా?"

చేతిలో ముద్ద అలాగే ఉంచి "వద్దు" అన్నాను.

పిన్ను పట్టడం వేరు, కరెంటు సరిపడటం వేరు. అమెరికా నింటెండో అడాప్టరు ఇచ్చేది 9 వోల్టుల ఏసీ. ఆ పెట్టెలో ఏసీని డీసీ చేసే ఏర్పాటు ఉంది, ఫామికామ్‌లో లేదు. దీనికి కావలసింది 10 వోల్టుల డీసీ, 850 మిల్లీ ఆంపియర్లు. పైగా పిన్ను మధ్యలో మైనస్, చుట్టూ ప్లస్. ఇప్పటి అడాప్టర్లు ఎక్కువగా దీనికి తిరగబడి ఉంటాయి. పోనీ జపాను అడాప్టరే దొరికిందనుకోండి, అది 100 వోల్టులది. ఇక్కడి 230లో పెడితే కాలిపోతుంది.

సాయంత్రం ఇద్దరం రైలెక్కి రెండో స్టేషను బుగిస్‌లో దిగి, సిమ్ లిమ్ స్క్వేర్‌కి నడిచాం. 9 వోల్టుల డీసీ, 1 ఆంపియరు, మధ్య మైనస్ ఉన్న అడాప్టరు దొరికింది. 9 అయినా చాలు, లోపలి రెగ్యులేటరు ఎలాగూ దాన్ని 5 వోల్టులకి దించుతుంది. మీ ఇంట్లో ఉన్నది నకలైతే మాత్రం ఈ లెక్క నమ్మకండి, పెట్టె మీద ఉన్న గుర్తే చూడండి.

ఎర్ర దీపం ఉండదు కాబట్టి బొమ్మ వస్తేనే బతికినట్టు. అదీ వెంటనే రాలేదు. జపానులో ఒకటి, రెండు ఛానళ్ళు 90 మెగాహెర్ట్జ్ పైన ఉండేవి. మన దగ్గర ఆ చోటు ఎఫ్ఎం రేడియోది, అక్కడ మన టీవీలు వెతకనే వెతకవు. కేబుల్ ఛానళ్ళు పట్టే టీవీ ఒకటి చూసి, ఆటో ట్యూనింగు పెడితే దొరికింది. రంగులు రావాలంటే టీవీకి ఎన్‌టీఎస్‌సీ కూడా తెలిసి ఉండాలి.

క్యాసెట్టు ఆడకపోతే మనందరం ఉఫ్ అని ఊదినవాళ్ళమే. నోటి తడికి రాగి పళ్ళు పాడవుతాయి, ఊదకండి. దూదిపుల్లకి ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్ది తుడిచి, బాగా ఆరాక పెట్టండి.

ఇక తుపాకీ. నకళ్ళతో వచ్చేది కదా, బాతుల ఆటకి. ట్రిగ్గరు నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల గడి వెలుగుతుంది. ఆ వెలుగు తగిలిందా లేదా అని తుపాకీ గొట్టంలోని కన్ను చూస్తుంది. పాత డబ్బా టీవీలో గీతలు గీతలుగా బొమ్మ గీసే పద్ధతికే ఆ కన్ను స్పందిస్తుంది. పలక టీవీ వెలుగు ఆ తీరులో రాదు, పైగా ఆలస్యం. ఎన్నిసార్లు కాల్చినా బాతు పడదు. ఊళ్ళో పెద్దవాళ్ళింట్లో డబ్బా టీవీ ఇంకా ఉంటే, పాత సామాన్లవాడికి వేసెయ్యకముందే ఒక ఫోను చెయ్యండి.