ఆలుమగల గగనయానము



గడచిన వేసవిలో నొక సాయంకాలమున బేతంచెర్లలో మా యింటి యరుగుపై కూర్చుండి యుండగా నా బాల్యమిత్రుడొకడు వచ్చెను. మెట్టపొలము దున్నుకొని ముగ్గురు బిడ్డలను చదివించిన రైతు. కొంతసేపు వానల ముచ్చట చెప్పి, పిదప మెల్లగా నిట్లడిగెను: "అయ్యవారూ, అమెరికాలో ఉండే మావాడు విమానం నడిపే లైసెన్సు తీసుకున్నాడంట. కొలువు కోసరం కాదు, మనసుపడి నేర్చుకున్నాడు. వచ్చే ఆదివారం కోడల్ని ఎక్కించుకొని తిప్పుతాడంట. నాకు నిద్ర పట్టల్యా. వద్దని చెప్పల్నా, కానీమని చెప్పల్నా?"

ప్రశ్న చిన్నదే గాని యుత్తరము చిన్నది కాదు. ఆనాడతనికి నేను చెప్పినదే కొంత పెంచి నేడు మీ ముందుంచుచున్నాను. మీ యిండ్లలోను దూరదేశములందున్న బిడ్డలు కలరు గదా!

భార్యను విమానమున కూర్చుండబెట్టుకొని భూమిని చూపుట మన సాహిత్యమునకు క్రొత్త కాదు. లంకనుండి మరలివచ్చునపుడు శ్రీరాముడు పుష్పకమునుండి సీతాదేవికి సేతువును, కిష్కింధను, తాను విరహముతో దుఃఖించిన తావులను చూపెను. కాళిదాసు రఘువంశమున పదుమూడవ సర్గలో నీ ప్రయాణమునే వర్ణించెను. అయితే పుష్పకము యజమాని మనసెరిగి నడచునది. నేటి విమానము మనసు నెరుగదు. గాలిని, బరువును, వేడిని మాత్రమే యెరుగును. నా మిత్రుని భయమునకు మూలమిచ్చటనే యున్నది.

మాకుత్తరమున ఓర్వకల్లులో 2021 మార్చి 25వ తేదీన విమానాశ్రయము ప్రారంభమై, ఉయ్యాలవాడ నరసింహారెడ్డిగారి పేర వెలసినది. అచ్చటినుండి ప్రయాణికులతో పోవు పెద్ద విమానములలో చోదకులిద్దరు ప్రక్కప్రక్కన కూర్చుందురు. వారి వెనుక వాతావరణము గమనించువారు, యంత్రములు పరీక్షించువారు, బరువులు లెక్కించువారు పలువురు కలరు. సరదాకు చిన్న విమానము నడుపువాడు ఈ పనులలో పెక్కింటిని తానొక్కడే చూచుకొనవలెను. అందుచేత వాని విద్య యెట్టిదో తెలిసికొనుట మనకవసరము.

దీనికి ప్రైవేటు పైలట్ లైసెన్సని పేరు. మన దేశమునను అమెరికాలోను 17 ఏండ్లు నిండినవారికే యిత్తురు. సాధారణముగా తక్కువలో తక్కువ 40 గంటలు ఎగిరి యుండవలెను. పెక్కుమందికి అంతకంటె నెక్కువయే పట్టును. మొదట గురువు ప్రక్కన కూర్చుండి నేర్పును. శిష్యుడు ఎగురుటయు దిగుటయు పలుమారులు చక్కగా చేసిన పిదప, నొకనాడు గురువు తాను దిగిపోయి, ఇక నీవే పొమ్మనును. పిమ్మట పటము చూచుకొని దూరపుటూళ్లకు ఒంటరిగా పోయి రావలెను. వాతావరణ శాస్త్రము, మార్గనిర్ణయము, గగనయాన నిబంధనలు మున్నగువానిలో పరీక్షలు కలవు. వైద్యపరీక్ష కలదు. తుదకు పరీక్షాధికారి ప్రక్కన కూర్చుండి చోదకుని నేర్పు చూచును. ఇన్ని గడచినగాని ఇతరులను వెంట దీసికొనిపోవు నధికారము రాదు. వచ్చిన పిదపను బాడుగకు జనులను మోయరాదు.

అమెరికాలో మరియొక నియమము కూడ గలదు. లైసెన్సున్నను, గడచిన 90 దినములలో కనీసము మూడుమారులు ఎగిరి దిగనివాడు ఇతరుల నెక్కించుకొనరాదు. విద్య అభ్యాసము లేనిచో జారిపోవునని మన పెద్దలు చెప్పినదే యక్కడ శాసనమైనది.

మనము బండి కట్టునపుడు ఏమి చేయుదుము? ఇరుసునకు కందెన యున్నదా, చీల బిగువుగా నున్నదా, కాడి చక్కగా కుదిరినదా యని చూచి గాని యెక్కము. చిన్న విమానమును అట్లే. చోదకుడు దాని చుట్టు దిరిగి రెక్కలను, చక్రములను తడవి చూచును. నూనె కొలుచును. పెట్రోలు తొట్టి యడుగునుండి కొంచెము గాజుగొట్టములోనికి దించి, అందు నీరు కలిసినదేమో పరీక్షించును. బండిలో నీల్గువంటి లోపము తోచినచో దారిప్రక్కన నిలుపవచ్చును. ఆకాశమున దారిప్రక్క లేదు.

బరువు మాట వినుడు. సెస్నా 172 అను చిన్న విమానము శిక్షణాలయములందు మిక్కిలి ప్రసిద్ధము. దానిలో నాలుగు కుర్చీలు కలవు. నాలుగు కుర్చీలున్నవి గదా యని నిండుతొట్టి పెట్రోలుతో నలుగురు పెద్దవారు ఎక్కినచో బరువు హద్దు దాటవచ్చును. కావున ఎవరి బరువెంతో అడిగి లెక్క వేయవలెను, మొగమాటము పనికిరాదు. ఇక మన రాయలసీమ యెండలవంటి యెండలలో గాలి పలుచనగును. రెక్కలకు పట్టు తగ్గును, ఇంజనుకు బలము తగ్గును, నేలపై పరుగు పొడవగును. ఉదయము సులువుగా లేచిన విమానము మధ్యాహ్నము కష్టముగా లేచును.

అన్నిటికంటె పెద్ద యాపద మేఘము. యంత్రములను మాత్రమే చూచి నడుపు ప్రత్యేక శిక్షణ లేనివాడు మేఘమున జొచ్చినచో, ఏది పైనో ఏది క్రిందో దేహమునకు తెలియదు. తిన్నగా పోవుచున్నాననుకొని యొరిగి పడిపోవును. అట్టివాడు మేఘమును చూచి వెనుకకు మరలవలెను.

ఆపద లేదని నేను నా మిత్రునితో ననలేదు. సరళా ఠక్రాల్ అను నామె మన దేశపు తొలితరము స్త్రీ వైమానికులలో నొకరు. 1936లో 21 ఏండ్ల వయసున, చీర కట్టుకొనియే జిప్సీ మాత్ అను చిన్న విమానమును ఒంటరిగా నడిపినది. అప్పటికే యామె యొక బిడ్డ తల్లి. ఆమె భర్తయు వైమానికుడే. 1939లో విమాన ప్రమాదమున నతడు మరణించెను. ఈ కథ దాచి, మంచి కథ మాత్రమే చెప్పుట ధర్మము కాదు.

మంచి కథయు కలదు. కెప్టెన్ వి. సుందరంగారు మైసూరు మహారాజునకు విమానచోదకుడుగా నుండిన వారు. ఆయన భార్య ఉషా సుందరం భర్త ప్రక్కన కూర్చుండి చూచుటతో తృప్తిపడలేదు. బెంగుళూరు దగ్గర జక్కూరులోని ప్రభుత్వ విమాన శిక్షణాలయమున నేర్చి, 1949లో నక్కడినుండి ఉత్తీర్ణురాలైన తొలి స్త్రీ యైనది. 1951లో మద్రాసు ప్రభుత్వమునకై కొనిన డవ్ అను విమానమును ఆ దంపతులు ఇంగ్లండునుండి 27 గంటలలో మన దేశమునకు నడిపి తెచ్చి ప్రసిద్ధికెక్కిరి. మన కర్నూలు సీమ ఆనాడు మద్రాసు రాష్ట్రములోనిదే. ఆవిధముగా ఆ విమానము మనదియు! పిదప నా దంపతులే మద్రాసులో మూగజీవులను కాపాడు బ్లూ క్రాస్ సంస్థను నెలకొల్పిరి.

ఈ రెండు కథలు చెప్పి నా మిత్రునితో నిట్లంటిని: "అన్నా, వద్దనవద్దు, కానిమ్మనవద్దు. మూడు ప్రశ్నలడుగుము. ఈ మూడు నెలలలో ఎన్నిమారులు ఎగిరి దిగినావు? ఇందులోని ప్రమాదము అమ్మాయికి దాచక చెప్పితివా, ఆమె తన యిష్టముతో వచ్చుచున్నదా? ఆకాశము బాగుగా లేనిచో, ఆమె ముందర చిన్నతనమని తలపక మానుకొందువా?"

సప్తపదిలో ఏడవ యడుగుతో భార్య భర్తకు సఖి యగునని మన శాస్త్రము. సఖికి నిజము చెప్పవలెను. లైసెన్సు ధైర్యమునకిచ్చు బిరుదు కాదు. వేరొకరి ప్రాణమును చేతబట్టుటకు ముందు నిన్ను నీవు పరీక్షించుకొనుమని చెప్పు ఆజ్ఞాపత్రము.

ఆదివారము గడచిన మరునాడు నా మిత్రుడు వచ్చెను. మొగము వికసించి యున్నది. "పోలేదంట, అయ్యవారూ! కోడలు తయారై వచ్చి కూర్చున్నాక, దూరాన మబ్బు చూసి దింపేసినాడంట. ఇంగ నాకు భయం లేదు" అనెను. వాడు ఎగిరినందుకు గాక ఎగురనందుకు తండ్రి సంతసించెను.

తరువాతి వారమున ఆకాశము నిర్మలముగా నుండగా వారిరువురు ఒక గంటసేపు విహరించి సుఖముగా దిగిరి. దిగిన వెంటనే ఆ పిల్ల భర్తను, "ఆ పటం చదివేది నాకూ నేర్పించు" అని యడిగినదట. ఆ మాట చెప్పునపుడు నా మిత్రుడు నవ్వుచుండెను. కోడలు నేర్చుకొనుటకు లైసెన్సు పరీక్షలెన్ని గంటలో మరల నన్నడిగి, వ్రేళ్లపై లెక్కించుకొనుచు నింటికి బోయెను.