ఇల్లు మనది, కట్టుబాటు సంఘానిది

అమెరికాలో, టెక్సాసు రాష్ట్రమున, మేము ఇల్లు కొన్న దినముననే గృహస్వాముల సంఘమునకు సభ్యులమైతిమి. ఆ పేటలో ఇల్లు కొన్నవారికి కాదను స్వేచ్ఛ లేదు.

అందు మేలు లేకపోలేదు. చందా సొమ్ముతో సంఘమే ఉద్యానమును, ఈతకొలనును, బాట ప్రక్కల చెట్లను కాపాడును. ఎవరి ముంగిటను చెత్త పేరుకొనదు.

ఇక కష్టము వినుడు. గోడకు వేయు రంగునకును సంఘము సమ్మతి కావలెను. గడ్డి పెరిగినచో తాఖీదు వచ్చును. చందా బకాయి పడినచో న్యాయస్థానపు ఉత్తరువు పొంది ఇంటినే వేలము వేయింపవచ్చును.

ఒక ఉగాదికి మేము గుమ్మమునకు మామిడాకుల తోరణము కట్టగా, తీసివేయవలెనని జాబు వచ్చినది. మతవిశ్వాసముతో ద్వారమున ఉంచుకొను చిహ్నములను సంఘములు నిషేధింపరాదని ఆ రాష్ట్రమున 2011లో చట్టమైనది. 2021లో ఆ హక్కు మరింత విస్తరించినది. ఆ చట్టమును చూపితిమి. తోరణము నిలిచినది.

అంతవరకు మేము సంఘసభకు ఒక్కనాడును పోయి యెరుగము. మనము పోని సభలోనే మనకు నిబంధనలు పుట్టును. మీ పిల్లలు అచట ఇల్లు కొనదలచినచో రెండు మాటలు చెప్పుడు: కొనుటకు ముందు నిబంధనలు చదువవలెను, కొన్న పిదప సభకు పోవలెను.