నడుము అరిగిందని భూమి అమ్ముకోకండి

(మూడు జిల్లాల కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దటి నుంచి మద్దతు ధర గురించి, సీడ్ పత్తి బాకీల గురించి మాట్లాడుకున్నాం. నేను మాట్లాడబోయేది మన నడుముల గురించి. నవ్వకండి. ఇందాక చాయ్‌కి లేచినప్పుడు చూశాను. మోకాళ్ల మీద చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచినవాళ్లు ఈ హాల్లో పదిమంది లేరు.

నేను డాక్టర్ని కాదు. పదో తరగతి చదివిన రైతును. నాలుగేళ్ల కింద యాసంగి వడ్ల బస్తాలు ట్రాక్టర్ మీదికి ఎత్తుతుంటే నడుము పట్టేసింది. రెండు రోజుల్లో ఆ నొప్పి పిర్ర మీదుగా ఎడమ కాలి బొటనవేలి దాకా దిగింది. ఊళ్లో సూదులు వేయించుకున్నాను, మూడు వారాలు మంచం దిగలేదు. తర్వాత పట్నంలో ఒక ప్రైవేటు దవాఖానకు పోతే స్కానింగ్ తీశారు. రెండు డిస్కులు అరిగాయి, ఒకటి ఉబ్బింది, ఆపరేషన్ చేయకపోతే కాలు పడిపోతుంది అన్నారు. ఖర్చు విన్నాక ఇంటికొచ్చి ఎకరం భూమికి బేరం పెట్టాను. మా ఇంటామె ఒకటే మాట అన్నది: "ఇంకో డాక్టర్‌కు చూపిద్దాం. అప్పటికీ అమ్మాలంటే అమ్ముదాం, భూమి ఎక్కడికీ పోదు కదా."

రెండో డాక్టర్ స్కాన్ ఫిల్ము పక్కన పెట్టి ముందు నన్ను చూశాడు. మడమల మీద నడవమన్నాడు, మునివేళ్ల మీద నడవమన్నాడు. పాదం మీద గిచ్చి తెలుస్తుందా అని అడిగాడు. ఉచ్చ సరిగ్గా వస్తుందా అని అడిగాడు. అన్నీ చూసి, కాల్లో బలం ఉంది, ఆరు వారాలు ఆగుదాం, ఈలోపు మంచం మీద పడుకోకుండా నడువు అన్నాడు. రెండున్నర నెలలకు కాలి నొప్పి పోయింది. నడుము ఇప్పటికీ అప్పుడప్పుడు పలకరిస్తుంది. ఆ ఎకరం మాత్రం ఇంకా నా పాసుబుక్కులోనే ఉంది. ఈ వానాకాలం దాంట్లో కంది పెట్టాను.

అందరికీ ఇట్లాగే తగ్గుతుందని చెప్పడం లేదు. ఆ రోజు నేను భూమి అమ్మబోయింది నొప్పికి కాదు, "అరిగింది" అనే మాటకు. అందుకే ముందు ఆ మాట గురించి మాట్లాడుకుందాం.

వెన్నుపూసల మధ్య మెత్తల్లాంటివి ఉంటాయి, మొత్తం 23. వాటినే డిస్కులంటారు. పైన ఉల్లిగడ్డ పొరల్లాగా గట్టి పొరలు, లోపల తాటిముంజ లాంటి గుజ్జు. చిన్నప్పుడు ఆ గుజ్జులో నూటికి ఎనభై పాళ్లకు పైగా నీళ్లే. వయసు పెరిగేకొద్దీ నీరు తగ్గుతుంది. లేత ముంజకు, ముదిరిన ముంజకు ఉన్నంత తేడా వస్తుంది. పొరల్లో సన్నని చీలికలు పడతాయి, మెత్త పలచబడుతుంది. మన బరువంతా మోసేవి అడుగున ఉన్న రెండు డిస్కులు కాబట్టి ముందు అరిగేవీ అవే. మీ రిపోర్టుల్లో ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 అని రాసేది వాటినే.

ఇది ఎవరికి జరుగుతుంది? అందరికీ. నడుము నొప్పి అసలే లేనివాళ్లను స్కానింగ్ తీసి చూసిన పరిశోధనలు 33 ఉన్నాయి. వాటన్నిటినీ కలిపి 2015లో అమెరికా వైద్య పత్రికలో లెక్క వేశారు. మూడు వేల మందికి పైగా మనుషులు. ఇరవై ఏళ్ల వాళ్లలోనే నూటికి 37 మందికి డిస్కు అరుగుదల కనిపించింది. యాభై ఏళ్ల వాళ్లలో 80 మందికి అరిగింది, 60 మందికి డిస్కు ఉబ్బింది. వీళ్లెవరికీ నొప్పి లేదు, మళ్లీ చెప్తున్నా. అంటే యాభై దాటిన మనలో ఎవర్ని ఆ మిషన్లో పడుకోబెట్టినా రిపోర్టులో ఏదో ఒకటి రాసి వస్తుంది. తల నెరిసింది అని రాసినట్టే అది. ఆ కాగితం చూపి కాలు పడిపోతుందని ఎవరైనా అంటే, కాలిని పరీక్ష చేసి చెప్తున్నారా, కాగితం చూసి చెప్తున్నారా అని అడగండి.

ఇక్కడ మనకు నచ్చని సంగతి కూడా ఒకటి ఉంది. కష్టం చేయబట్టే డిస్కులు అరుగుతాయని మనమంతా అనుకుంటాం. నేనూ సభల్లో అట్లాగే మాట్లాడేవాణ్ణి. ఫిన్లాండ్‌లో కవల అన్నదమ్ములను తీసుకుని చూశారు. ఒకరు జీవితమంతా బరువు పని చేశారు, ఇంకొకరు కూర్చుని చేసే పని. ఇద్దరి డిస్కుల అరుగుదలలో తేడా అనుకున్నంత లేదు. ఎక్కువ పాలు పుట్టుకతో వచ్చిందే. బీడీ, సిగరెట్ కాల్చే వాళ్లకు మాత్రం కాల్చని వాళ్లకంటే ఎక్కువ అరిగింది. (వెనక వరసలో కూర్చున్న అన్నలు జేబులు తడుముకోవాల్సిన పని లేదు, నాకు తెలుసు.)

మరి బరువు గురించి కొట్లాడటం దేనికి అంటారా? అరగడం వేరు, నొప్పితో పడిపోవడం వేరు. అరిగిన డిస్కుతో కుర్చీలో ఉద్యోగం చేసేవాడు రెండు రోజులు సెలవు పెడతాడు. అదే డిస్కుతో నాట్లు వేసే మనిషికి రెండు రోజుల కూలీ పోతుంది, ముఠాలోంచి పేరు పోతుంది. స్వీడన్‌లో నాకెంసన్ అనే ఎముకల డాక్టర్ 1960లలో మనుషుల డిస్కులోకే సూది పంపి ఒత్తిడి కొలిచాడు. నిలబడ్డప్పుడు ఉండే ఒత్తిడిని 100 అనుకుంటే, వెల్లకిలా పడుకుంటే 25, ముందుకు వంగితే 150, వంగి బరువు ఎత్తితే 220.

ఇప్పుడు మన పనులు చూడండి. గద్వాల వైపు, గట్టు, మల్దకల్, ఐజ మండలాల్లో సీడ్ పత్తి క్రాసింగ్. సాయంత్రం ఆడ పువ్వు రేకులు, కేసరాలు గిల్లాలి, పొద్దున మగ పువ్వు పుప్పొడి అంటించాలి. చెట్టు నడుము ఎత్తు కూడా రాని రోజుల్లో అటు కూర్చోలేం, ఇటు నిలబడలేం. సగం వంగే ఉండాలి. వేళ్లు సన్నగా ఉంటాయని ఆడపిల్లల్ని బడి మాన్పించి ఈ పనికి దింపిన ఊళ్లు మనవే. ఆ పిల్లలు ఇప్పుడు ముప్పై, నలభై ఏళ్ల తల్లులు. వాళ్ల నడుముల లెక్క ఎవరూ తీయలేదు.

వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు జూరాల, భీమా, కల్వకుర్తి నీళ్లు వచ్చాక వరి పెరిగింది. నీళ్ల కోసం మనమే కొట్లాడాం, సంతోషమే. కానీ వరి పెరిగితే వంగే నడుములు కూడా పెరిగాయి. ఎకరానికి ఇంత అని గుత్తకు తీసుకున్న ముఠాలో ఒకామె లేచి నడుము నిలబెట్టుకుంటే, మిగతావాళ్లు ఆమె వంతు కూడా వేయాలి. అందుకే ఎవరూ లేవరు. వంగి చేసే పల్లి పీకుడూ అంతే. మందు కొట్టే చార్జింగ్ పంపులో 16 లీటర్లు పోస్తే పంపుతో కలిపి ఇరవై కిలోలు దాటుతుంది. తైవాన్ పంపు అయితే ముప్పైకి దగ్గర. పత్తికి ఎకరానికి పది, పన్నెండు ట్యాంకులు. ట్రాక్టర్ నడిపే తమ్ముళ్లకు బరువు లేకపోయినా అదురు ఉంది. రోజంతా అదిరిన నడుముతో టక్కున కిందికి దూకి బస్తా ఎత్తుతారు. అది అన్నిటికంటే చెడ్డది.

అయితే పని మానేయాలా? మానితే తిండి ఎక్కడిది? మానక్కర్లేదు. డిస్కుకు సొంతంగా రక్తనాళాలు లేవు. మనం కదిలితే దానికి నీరు, ఆహారం అందుతాయి. అందుకే వారాల తరబడి మంచం మీద ఉంటే నడుము బాగుపడదు, కండ బలం పోయి ఇంకా మొండికేస్తుంది. మరీ పట్టేసినప్పుడు ఒకటి రెండు రోజులు చాలు. తర్వాత మెల్లగా నడవాలి.

రాత్రి పడుకున్నప్పుడు డిస్కు నీరు పీల్చుకుని ఉబ్బుతుంది. పొద్దున మనం కొంచెం పొడుగు ఉండేది అందుకే. ఆ ఉబ్బిన డిస్కు మీద లేచీ లేవగానే వంగితే ఒత్తిడి ఎక్కువ. పొద్దున్నే వంగడం తగ్గించుకున్నవాళ్లకు నొప్పి తగ్గిందని 1998లో అమెరికాలో ఒక పరిశీలన వచ్చింది. మన ఆడవాళ్లు లేవగానే చేసేవి వాకిలి ఊడ్వడం, పేడ ఎత్తడం. ఆ సమయంలో మగవాళ్లు పేడ ఎత్తండి అంటే ఇక్కడ నవ్వులు వస్తాయని తెలుసు. పొడుగు కర్ర చీపురన్నా కొనివ్వండి.

బస్తా ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచి, బరువును పొట్టకు ఆనించుకుని లేవాలి. ఎత్తి పట్టుకుని నడుము మెలి తిప్పకూడదు, పాదాలతో తిరగాలి. మందు పంపు నేల మీది నుంచి భుజానికి ఎత్తకుండా గట్టు మీదో, డ్రమ్ము మీదో పెట్టి తగిలించుకోవాలి, ముక్కాలు నింపినా చాలు. నాట్లలో అరగంటకొకసారి అందరూ ఒకేసారి లేచి, చేతులు నడుము మీద పెట్టి వెనక్కి వంగాలి. అందరూ ఒకేసారి అన్నది ముఖ్యం, అప్పుడు ఎవరి వంతూ ఎవరి మీదా పడదు. డ్రమ్ సీడర్‌తోనో, వెదజల్లో వరి వేసుకుంటే అసలు నాటే వంగుడే ఉండదు, పాలెం పరిశోధనా కేంద్రంలో అడగండి. అయితే దానివల్ల నాట్ల కూలీ పోతుందని అక్కలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు ఇంకా మన సంఘం దగ్గర లేదు.

సూదుల గురించి. నొప్పి అంటే చాలు డైక్లోఫెనాక్, దాంతోపాటు స్టెరాయిడ్ కూడా వేసేస్తున్నారు. అరగంటలో లేచి నడుస్తాం, కాబట్టి మంచి డాక్టర్ అంటాం. నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. షుగర్, బీపీ ఉన్నవాళ్లకు ఇంకా ప్రమాదం. నొప్పి గోలీ ఎన్ని రోజులు వాడాలో అడిగి వాడండి.

ఇంత చెప్పాను కదా అని నొప్పిని నిర్లక్ష్యం చేయకండి. ఉచ్చ ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, దొడ్డికి పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా అదే రోజు పెద్ద దవాఖానకు పోవాలి. అక్కడ గంటలు కూడా లెక్కే, ఆలస్యమైతే ఆ నరాలు తిరిగి రావు. పాదం ఎత్తలేక చెప్పు జారిపోతున్నా ఆగకూడదు. నడుము నొప్పితో పాటు సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్ర పట్టనంత నొప్పి ఉంటే అది అరుగుదల కాకపోవచ్చు. వెన్నుకు కూడా టీబీ వస్తుంది. దానికి మందులు సర్కారు దవాఖానలో ఉచితం. ఏళ్లుగా బోరు నీళ్లే తాగిన ఊళ్లలో నడుము కర్రలా బిగుసుకుపోతుంటే ఫ్లోరైడ్ సంగతి కూడా అడగండి.

ఆపరేషన్ దండగ అని నేను అనను. డిస్కు నరాన్ని నొక్కి, కాలి నొప్పి వారాలు గడిచినా తగ్గనివాళ్లకు అది పనిచేస్తుంది. ఉత్త నడుము నొప్పికి అంతగా పనిచేయదు. అవసరమైతే భూమి జోలికి పోకముందు ఆరోగ్యశ్రీ అడగండి. 2007 ఏప్రిల్‌లో ఆ పథకం మొదలైన మూడు జిల్లాల్లో మన పాత మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబర్ నుంచి పరిమితి 10 లక్షలు. కానీ అది ప్రధానంగా ఆపరేషన్లకు, అడ్మిట్ అయ్యే వైద్యానికి. మనలో ఎక్కువమందికి కావాల్సింది నెలల తరబడి వ్యాయామం నేర్పే ఫిజియోథెరపీ. వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో 2022లో మెడికల్ కాలేజీలు వచ్చాయి, 2024లో గద్వాలలో వచ్చింది. వారానికి ఒక రోజు మండల కేంద్రానికి ఫిజియోథెరపీ మనిషిని పంపమని మనం అడగాలి. అంతస్తులు కట్టమని అడగడం లేదు కదా.

ఇంకో అన్యాయం ఉంది. 2018లో రైతు బీమా వచ్చింది. 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు. మంచిదే. కానీ నడుము పోయి బతికుంటే పైసా రాదు. కౌలు రైతుకు రాదు. రోజూ వంగే ఆడమనిషి పేరు మీద పట్టా లేకపోతే ఆమెకూ రాదు. మన వినతిపత్రంలో ఇప్పటిదాకా ఈ ముక్క లేదు, ఈసారి చేర్చాలి.

బస్తా బరువు కూడా. యూరియా బస్తాను 2018లో 50 నుంచి 45 కిలోలకు తగ్గించారు. అది మన నడుము కోసం కాదు, ఎరువు వాడకం తగ్గాలని. తగ్గించడం సాధ్యమేనని మాత్రం తేలింది. అన్నీ అనుకూలంగా ఉన్నా ఒక మనిషి చేతులతో ఎత్తాల్సింది 23 కిలోలే అని అమెరికా ప్రభుత్వ పరిశోధనా సంస్థ లెక్క. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో మగవాళ్లకు 55 కిలోలు మించకూడదని, ఆడవాళ్లకు అంతకంటే బాగా తక్కువ ఉండాలని చెప్పింది. కొనుగోలు కేంద్రంలో మన హమాలీ 40 కిలోల వడ్ల బస్తా లారీ మీదికి ఎన్నిసార్లు ఎక్కిస్తాడో మీరే లెక్కపెట్టండి. 25 కిలోల బస్తా అడుగుదాం. హమాలీ సంఘం వాళ్లు బస్తాకు ఇంత అనే కూలీ తగ్గుతుందని భయపడుతున్నారు, కాబట్టి క్వింటాల్ లెక్కన కూలీ కట్టాలని కూడా అదే కాగితంలో రాయాలి. వాళ్లతో మాట్లాడకుండా పంపొద్దు.

నడుముకు బెల్టు పెట్టుకోవచ్చా అని పొద్దున ఒక అక్క అడిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబర్‌లో ఇచ్చిన సూచనల్లో, చాలాకాలంగా ఉన్న నడుము నొప్పికి బెల్టులు, ట్రాక్షన్ మామూలుగా వాడొద్దని ఉంది. వ్యాయామం చేయమని ఉంది. అక్కా, ఆ డబ్బుతో మంచి చెప్పులు కొనుక్కో.

భోజనం తర్వాత ఫిజియోథెరపీ చదివిన మన కార్యకర్త బిడ్డ వచ్చి నాలుగు వ్యాయామాలు చేసి చూపిస్తుంది. నేల మీద పడుకుని చేసేవి ఉన్నాయి, చాపలు వెనక గదిలో ఉన్నాయి, ఆడవాళ్లకు అక్కడే. స్కాన్ ఫిల్ములు తెచ్చుకున్నవాళ్లు వాటిని సంచిలోనే ఉంచండి. ఆమె ముందు మిమ్మల్ని మడమల మీద నడవమంటుంది.