చీరాల అడిగిన లెక్క
(ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య స్మారకోపన్యాసం)



ఆంధ్రరత్న పేరున చీరాలలో మాట్లాడమంటే ఎవరైనా రామదండు దగ్గర మొదలుపెడతారు. ఎడింబరోలో ఎం.ఏ. చదివొచ్చిన మనిషి దండు కట్టి, పాట కట్టి, ఒక ఊరిని ఊరినే బయటికి నడిపించిన కథ అది. నడిచినవాళ్లు మీ తాతలూ ముత్తాతలూ. ఆ కథ నాకంటే మీకే బాగా తెలుసు. నేను లోకల్ ఫండ్ ఆడిట్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. బతుకంతా మునిసిపాలిటీల రసీదు పుస్తకాలు, ఓచర్లు, తీర్మానాల పుస్తకాలు తిరగేశాను. అందుకని ఇదే కథను పద్దుల వైపు నుంచి చెబుతాను. కాస్త చప్పగా ఉంటుంది, ఓర్చుకోండి.

మునిసిపాలిటీ అనేది మనకు ఎలా వచ్చింది? 1850లో కంపెనీ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. అందులో ఒక మంచి మాట ఉంది: ఊరివాళ్లు కావాలని అడిగితేనే ఆ ఊళ్లో పురపాలన పెట్టాలి. మద్రాసు రాజధానిలో అడిగినవాళ్లు బహు తక్కువ. నా మీద పన్ను వేయండి బాబూ అని ఎవరు అర్జీ పెట్టుకుంటారు? భీమునిపట్నంలో 1861లోనే సంఘం ఏర్పడింది గానీ, అక్కడ ఓడరేవు ఉంది, తెల్లవాళ్ల బంగళాలున్నాయి. తక్కిన ఊళ్లు కదల్లేదు. దాంతో ప్రభుత్వం 1865లో ఇంకో చట్టం తెచ్చి, అడగడం అనే షరతును పక్కన పెట్టేసింది. మరుసటి ఏడు, 1866లో, గుంటూరు, రాజమండ్రి, కాకినాడ, మచిలీపట్నం, ఏలూరు, నెల్లూరు వరసగా మునిసిపాలిటీలయ్యాయి. ఇళ్ల మీద పన్ను, వృత్తుల మీద పన్ను, బండ్ల మీద, పశువుల మీద పన్ను, దారి సుంకం. ఇంతా వసూలు చేసి ఏం చేశారయ్యా అంటే, అందులో పెద్ద భాగం పోలీసుల ఖర్చుకు పోయింది. ఊరి డబ్బుతో ఊరి మీద కాపలా! 1871 చట్టం ఆ బరువు దించి, బళ్లు, టీకాలు, జనన మరణాల నమోదు నెత్తిన పెట్టింది.

రిప్పన్ ప్రభువు 1882 మే 18న వెలువరించిన తీర్మానాన్ని స్థానిక స్వపరిపాలనకు పునాది అని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. సభ్యుల్లో ఎక్కువమంది అనధికారులుండాలి, వీలైతే అధ్యక్షుడూ అనధికారే కావాలి, జనం పాలన నేర్చుకోవాలి అన్నాడాయన. దాని ఫలితంగా 1884లో మద్రాసులో రెండు చట్టాలొచ్చాయి. పట్టణాలకు మునిసిపాలిటీలు, పల్లెపట్టులకు జిల్లా బోర్డు, తాలూకా బోర్డు, యూనియన్. ఆ బడిలో నిజంగానే పెద్దవాళ్లు తయారయ్యారు. టంగుటూరి ప్రకాశం పంతులుగారు రాజమండ్రి మునిసిపల్ చైర్మన్‌గిరీ చేసిన తరవాతే దేశానికి తెలిశారు. అయితే ఓటు మాత్రం పన్ను కట్టగలిగినవాడికే. ఊళ్లో మూడొంతుల మంది ఆ బడి అరుగు మీద కూడా కూర్చోలేదు.

ఇక చీరాలకు వద్దాం. 1919 దాకా చీరాల, పేరాల, జాండ్రపేట, వీరరాఘవపేట కలిసి ఒక యూనియన్. యూనియన్ అంటే చిన్న సంసారం. నాలుగు దీపాలు, నాలుగు బావులు, వీధులు ఊడ్చే మనుషులు, తక్కువ పన్ను. ఏటా వచ్చే పన్ను నాలుగు వేల రూపాయల దరిదాపు అని చరిత్రకారులు రాశారు. ప్రభుత్వం చీరాల, పేరాలలను కలిపి మునిసిపాలిటీ చేసేసరికి అది నలభై వేల దాకా పోయింది. మగ్గం మీద బతికే ఊరు. నూలు ధర పెరిగితే పొయ్యి మీద కుండ ఎక్కని ఇళ్లు. ఆ ఇళ్ల మీద పదింతల పన్ను.

ఆడిటర్ బుద్ధితో అడుగుతాను: ఆ ముప్పై ఆరు వేలు దేనికి? ఆరోగ్యం కోసం, పారిశుద్ధ్యం కోసం అని ప్రభుత్వం చెప్పింది. అది అబద్ధం కాదు. రద్దీగా ఉన్న నేతపేటల్లో కలరా మాట వింటే భయపడని ఇల్లు లేదు. కానీ మునిసిపాలిటీ అన్నాక ముందు ఆఫీసు కావాలి, గుమాస్తాలు కావాలి, పన్ను రాసేవాడు, వసూలు చేసేవాడు, తనిఖీ చేసేవాడు కావాలి. మొదటి ఏడు కట్టిన పన్నులో ఎక్కువ భాగం పన్ను కట్టించుకోవడానికే పోతుంది. ఈ సంగతి ఏ బడ్జెట్ చూసినా తెలుస్తుంది. జనం అడిగింది కూడా అదే. మాకు యూనియన్ చాలు, మేం అడగలేదు, అడగనిదానికి కట్టం అన్నారు. 1850 చట్టంలో ఉండి 1865లో పోయిన ఆ మాటనే 1921లో చీరాల నేతగాళ్లు తిరిగి పట్టుకున్నారు. వాళ్లు ఆ చట్టం చదివి ఉండకపోవచ్చు.

తరవాత జరిగింది క్లుప్తంగా చెప్పి దాటుతాను. పన్ను కట్టనన్నవాళ్లను జైలుకు పంపారు. వాళ్లలో ఒక మహిళ కూడా ఉంది. 1921 ఏప్రిల్ మొదటి వారంలో, బెజవాడ కాంగ్రెస్ సమావేశాలు ముగిశాక, గాంధీగారు ఈ ఊరొచ్చారు. హింస లేకుండా పన్ను నిరాకరించడం ఒక దారి, మునిసిపాలిటీ హద్దులు దాటి వెళ్లిపోవడం రెండో దారి అన్నారు. గోపాలకృష్ణయ్యగారు రెండోది పట్టుకున్నారు. పదిహేను వేల పైచిలుకు జనాభాలో పదమూడు వేలమందికి పైగా ఇళ్లకు తాళాలు వేసి బయట తాటాకు పాకల్లో కాపురం పెట్టారు. అదే రామనగరం. ఎండల్లో, వానల్లో సుమారు పదకొండు నెలలు. విరాళాల కోసం వెళ్లిన నాయకుణ్ణి బరంపురంలో పట్టుకుని ఏడాది జైలు వేశారు. జనం అలిసిపోయి తిరిగొచ్చారు. మునిసిపాలిటీ అలాగే ఉండిపోయింది. అప్పుడు స్థానిక పాలన శాఖ ఢిల్లీవాడి చేతిలో లేదు, లండన్‌వాడి చేతిలో లేదు. కొత్త సంస్కరణల కింద మన తెలుగు మంత్రి పానగల్లు రాజావారి చేతిలోనే ఉంది. ఈ సంగతి మనం సభల్లో అంతగా చెప్పుకోం.

సరే, ఊరు తిరిగొచ్చింది. తరవాత ఆ మునిసిపాలిటీ రోజూ ఏం చేసింది? ఏ చిన్న ఊరి సంఘమైనా చేసే పనే. కిరసనాయిలు దీపాల రోజుల్లో సాయంత్రం నిచ్చెన భుజాన వేసుకుని దీపాలు వెలిగించే మనిషి ఉండేవాడు. నూనె కాంట్రాక్టు మీద కౌన్సిల్లో తగువు. వెన్నెల రాత్రుల్లో దీపం అక్కర్లేదని లెక్క వేసుకున్న ఊళ్లున్నాయి, మబ్బు పడితే ఎవరు జవాబుదారీ అని మళ్లీ తగువు. బందెలదొడ్డి ఉండేది. పరాయి చేలో పడ్డ గేదెను అక్కడ కట్టేస్తే, యజమాని జరిమానా, మేత ఖర్చు కట్టి విడిపించుకోవాలి. సంతలో ఆశీలు పాట. ఇప్పటికీ ఉంది. పోయిన ఏళ్ల రాబడి చూసి సర్కారు వారి పాట కడతారు, ఆ పైన పాడుకుంటారు. పాడినవాళ్లంతా ఒక్కటైపోతే పాట లేవదు, ఊరి రాబడి పడిపోతుంది. అప్పుడు మళ్లీ పాట పెట్టాలని తీర్మానం. గట్టి కౌన్సిలరు ఎవరో, మెత్తని కౌన్సిలరు ఎవరో తెలుసుకోవాలంటే ఉపన్యాసాలు వినక్కర్లేదు, ఆశీలు పాట ఫైలు చూస్తే చాలు.

ఒక మురుగు కాలువ సంగతి చూడండి. వార్డులో కాలువ పొంగింది. కౌన్సిలరు అర్జీ ఇస్తాడు. ఇంజనీరు కొలిచి అంచనా వేస్తాడు. అది కౌన్సిల్ ముందుకొస్తుంది. టెండరు పిలుస్తారు. ధర ఎక్కువైందని ఒకసారి తిప్పికొడతారు. పని మొదలవుతుంది. ఎం.బుక్కులో కొలతలు రాస్తారు. పై అధికారి వచ్చి కొలతలు సరిచూస్తాడు. బిల్లు అవుతుంది. రెండేళ్లకు మావాళ్లు ఆడిట్‌కొచ్చి, పొడవు ఇంత ఉండాలి, అంత రాశారేం అంటారు. ఈలోగా ఆ కాలువ పూడిపోయి మళ్లీ పొంగుతూ ఉంటుంది. మీరు నవ్వుతున్నారు గానీ, ఈ వరసలో ఒక్క మెట్టు తీసేసినా డబ్బు మాయమవుతుంది. మెట్లన్నీ ఉన్నా మాయమైన ఊళ్లు నాకు తెలుసు, అది వేరే సంగతి.

పద్దుల్లో నన్ను ఎక్కువగా బాధపెట్టినవి మరుగుదొడ్ల పద్దులు. సెప్టిక్ ట్యాంకులు లేని రోజుల్లో తెల్లారకముందే మలం ఎత్తి తట్టల్లో మోసిన మనుషులుండేవారు. బకెట్లు, చీపుళ్లు, బండి ఇరుసుకు కందెన: అన్నిటికీ ఓచర్లుండేవి. చేతులకు తొడుగులు కొన్నట్టు నేను చూసిన పాత పుస్తకాల్లో కనబడలేదు. 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం ఆ పనిని నిషేధించాయి. కానీ ఆ కుటుంబాలవాళ్లే నేటికీ మన మురుగు కాలువల్లో దిగుతున్నారు. 2023 డిసెంబరు చివర రాష్ట్రమంతటా మునిసిపల్ కార్మికులు సమ్మె చేశారు. చెత్త పేరుకున్నాక గానీ వాళ్ల జీతాల సంగతి ఎవరికీ పట్టలేదు. రామనగరానికి కదిలిన ఊరి కథలో ఊడ్చినవాళ్ల కథ కూడా ఎవరైనా రాయాలి.

అధికారం ఎటు పోయిందో కూడా చెప్పాలి. 1933 సవరణతో ప్రభుత్వం నియమించే కమీషనర్లొచ్చారు. ఎన్నికైన చైర్మన్ చేతిలో ఉన్న ఫైలు మెల్లగా ఉద్యోగి బల్ల మీదికి జరిగింది. 1965లో మన రాష్ట్రం సొంత మునిసిపల్ చట్టం చేసుకుంది. 1993 జూన్ 1 నుంచి 74వ రాజ్యాంగ సవరణ అమల్లోకొచ్చింది. అయిదేళ్ల గడువు తీరేలోపు ఎన్నికలు పెట్టాలంది, పన్నెండో షెడ్యూల్లో పద్దెనిమిది పనులు రాసింది, మహిళలకు మూడో వంతు స్థానాలిచ్చింది. మహిళల వాటా మన దగ్గర సగానికి పెరిగింది. అది నిజమైన మార్పు. తక్కినదాని మీద నా తీర్పు కఠినంగానే ఉంటుంది. 2010లో గడువు తీరిన కౌన్సిళ్లకు 2014 దాకా ఎన్నికల్లేవు. 2019లో తీరితే 2021 మార్చిలో జరిగాయి. మధ్యకాలమంతా ప్రత్యేకాధికారి సంతకమే తీర్మానం. రెగ్యులర్ ఉద్యోగుల జీతాలు 010 పద్దు కింద రాష్ట్ర ఖజానా నుంచొస్తాయి, అంచేత వాళ్లు చూసేది అమరావతి వైపు. 2019 గాంధీ జయంతికి మొదలైన వార్డు సచివాలయాల దగ్గరికి జనం పింఛను కోసం, సర్టిఫికెట్ల కోసం వెళ్తున్నారు. కౌన్సిలరు పెళ్లి పత్రికల్లో కనబడతాడు.

అన్నిటికంటే పెద్దది పన్ను. ఇంటి పన్నును అద్దె విలువ మీద కాక మూలధన విలువ మీద వేయాలని 2020 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. 2021 ఏప్రిల్ నుంచి అమలు చేసింది. పెంపు ఏడాదికి 15 శాతం దాటదు అన్నారు, అది దయే. కొత్త పద్ధతి న్యాయమా కాదా అన్నది నేను ఇక్కడ తేల్చబోవడం లేదు. పాత పద్ధతిలో ఎన్ని మేడలు పూరిపాకల పన్ను కట్టాయో ఆడిటర్లకు తెలుసు. కానీ ఏ ఊరికి ఎంత అన్నది ఆ ఊరి కౌన్సిల్లో పుట్టలేదు. 1921 ఏప్రిల్లో ఈ ఊరు అడిగిన ప్రశ్నకు 2021 ఏప్రిల్ నాటికి కూడా జవాబు దొరకలేదన్నమాట. పైగా ఇంటి పన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం కదా, అది గ్రంథాలయ సంస్థకు ఎప్పుడు చేరుతుందో చూడండి. చాలా ఊళ్లలో బకాయి ఏళ్ల తరబడి పేరుకుని ఉంది. మీ ఊరి లైబ్రరీలో కొత్త పుస్తకాలు లేవంటే ఒక కారణం అదే.

కౌన్సిల్ మామూలు సమావేశాలు ప్రజలు చూడడానికి తెరిచే ఉంటాయి. తీర్మానాల పుస్తకం పన్ను కట్టేవాడు ఆఫీసు వేళల్లో చూడొచ్చని మన మునిసిపల్ చట్టాల్లో పాత రోజుల నుంచీ ఉంది. ఇప్పుడు సమాచార హక్కు చట్టం కూడా ఉంది. కాబట్టి ఈ సభలో ఉన్నవాళ్లకు నా విన్నపం ఒక్కటే. ఏప్రిల్ నెలాఖరులోపు ఏడాది పన్ను మొత్తం కట్టి 5 శాతం రాయితీ తీసుకోండి. ఆ రసీదు చేత్తో పట్టుకుని వచ్చే కౌన్సిల్ సమావేశానికి వెళ్లి వెనక బల్ల మీద కూర్చోండి. ఎజెండా కాగితం అడగండి. మీ వీధి కాలువ అంచనా ఎంతో, ఎం.బుక్కులో ఎంత రాశారో, గ్రంథాలయ సెస్సు ఎంత జమ చేశారో అడగండి. బయటికి వెళ్లమంటే, ఏ నిబంధన ప్రకారమో రాసివ్వమని అడగండి.